మిస్సింగ్ కొట్టే పాత కారు: ప్లగ్గు ఖర్చా, హెడ్ దించే ఖర్చా?

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు బాడీ మీద గీతలు, టైర్ల అరుగుదల, మీటర్లో కిలోమీటర్లు అందరూ చూస్తారు. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో వదిలేసి రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చునేవాళ్లు తక్కువ. ఆ రెండు నిమిషాల్లో స్టీరింగ్ సన్నగా వణుకుతూ మధ్యమధ్య ఒక కుదుపు తగిలితే, అమ్మేవాళ్ల దగ్గర జవాబు రెడీగానే ఉంటుంది: "చాలా రోజులు నిలబెట్టేశాం సార్, ప్లగ్గులు మారిస్తే స్మూత్ అయిపోతుంది." నిజమే కావచ్చు. కానీ అదే వణుకు కాలిపోయిన వాల్వు వల్లా రావచ్చు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్) పోయీ రావచ్చు. చిన్న కారుకి నిప్పురవ్వ పుట్టించే మామూలు ప్లగ్గుల సెట్టు వందల్లో తేలిపోతుంది. హెడ్ దించితే వేలు దాటి పదుల వేలకి పోతుంది. పదేళ్లు దాటిన చిన్న కారుకి ఆ బిల్లంటే బండి ధరలో పెద్ద వాటాయే. సీట్లో కూర్చున్న మనిషికి మాత్రం రెండు వణుకులూ ఒకేలా ఉంటాయి. వీటిని విడదీసే పరీక్షల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు. కాకపోతే అడ్వాన్స్ ఇవ్వకముందే చేయాలి, ఒక వరసలో చేయాలి.

బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడ్లింగ్‌లోనే లోపం ఎందుకు బయటపడుతుందో ముందు చూద్దాం. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో సిలిండర్ ఒక్కసారి మండుతుంది. 750 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నాలుగూ కలిపి అది నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకి 25. ఒక సిలిండర్ పూర్తిగా చచ్చుబడితే సెకనుకి ఆరుసార్లు ఖాళీ పడుతుంది. ఈ ఖాళీనే మిస్సింగ్ లేదా మిస్‌ఫైర్ అంటారు. పల్లకీ మోసే నలుగురిలో ఒకడు అడుగడుక్కీ భుజం తప్పిస్తే లోపల కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలుస్తుంది. 3000 ఆర్పీఎంకి వెళ్తే ఖాళీలు సెకనుకి పాతిక పడుతున్నా ఫ్లైవీల్ (క్రాంక్‌కి బిగించిన బరువైన చక్రం) జోరు వాటిని కప్పేస్తుంది. అప్పుడు వణుకు పోయి, "పికప్ కాస్త తక్కువగా ఉంది" అన్న అనుమానం మాత్రం మిగులుతుంది. ఇంకో కారణం గాలి. ఐడ్లింగ్‌లో గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది కాబట్టి ఇంజిన్ పీల్చే గాలి చాలా కొద్ది. ఎక్కడో రబ్బరు పైపు చీలి దొంగదారిన దూరిన చిటికెడు గాలి కూడా అక్కడ లెక్క తప్పిస్తుంది. హైవే మీద ఆ చిటికెడు ఎవరికీ పట్టదు.

వణికే ప్రతి బండీ మిస్సింగ్ బండి కాదు

మూడు సిలిండర్ల ఇంజిన్లు పుట్టుకతోనే కొంచెం ఊగుతాయి. ఆల్టో కే10, సెలెరియో, క్విడ్, టియాగో పెట్రోల్ ఈ రకమే. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ కూడా నాలుగు నుంచి మూడుకి మారింది. అంతకాలం నాలుగు సిలిండర్ల కారు నడిపి వీటిలో కూర్చుంటే ఏదో తేడాగా ఉందనే అనిపిస్తుంది. అదే మోడల్ ఇంకో బండిని ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

రెండోది ఇంజిన్ ఫౌండేషన్లు. ఇంజిన్ బరువు మోసే ఆ రబ్బరు దిమ్మలు పగిలితే మంట సరిగ్గా ఉన్నా వణుకు తిన్నగా క్యాబిన్‌లోకి వస్తుంది. ఆర్పీఎం ముల్లు నిశ్చలంగా ఉండి డ్యాష్‌బోర్డు మాత్రం దడదడలాడుతుంటే ముందు వీటినే అనుమానించాలి. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు కింద "దబ్" మని తగిలినట్టు ఉండటం, ఆటోమేటిక్ బండిలో డి వేసి బ్రేక్ తొక్కి పట్టుకున్నప్పుడు వణుకు పెరగడం, ఏసీ వేయగానే అద్దాలు గలగలమనడం కూడా ఫౌండేషన్ల వైపే చూపిస్తాయి.

ముల్లు కంటే నమ్మకమైన సాక్షి సైలెన్సర్ గొట్టం. చాలా బండ్లలో ముల్లుని కావాలనే మెల్లగా కదిలేలా పెడతారు, చిన్న తేడాలు అందులో కనబడవు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా గొట్టానికి జానెడు దూరంలో అరచేయి పెట్టాలి. మరీ దగ్గరగా వద్దు, కాలుతుంది. మంచి ఇంజిన్ పొగ ఒకే ఒత్తిడితో, సన్నటి దడతో చేతికి తగులుతుంది. మిస్సింగ్ ఉంటే ఆ వరసలో తాళం తప్పుతుంది: మూడు సమంగా తగిలి ఒకటి ఎగిరిపోతుంది, లేదా ఉన్నట్టుండి ఒక పెద్ద "పుఫ్" వస్తుంది. చిన్న కాగితం ముక్క అడ్డుపెట్టినా ఇదే కనిపిస్తుంది. ఆ కాగితం బయటికి రెపరెపలాడకుండా అప్పుడప్పుడూ గొట్టంలోకి లాక్కుపోతుంటే, ఆ సిలిండర్లో వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదేమోనని కూడా అనుమానించాలి. పాతకాలం మెకానిక్కులు స్కానర్ లేకుండానే సగం కేసులు ఇక్కడే తేల్చేవారు.

థ్రాటిల్ బాడీ మసి గురించి ఒక్క మాట. మసి పడితే ఆర్పీఎం పడిపోయి, లేచి, మళ్లీ పడుతుంది, ఏసీ వేస్తే ఆగిపోబోతుంది. అది అన్ని సిలిండర్లకీ ఒకేలా తగిలే ఇబ్బంది, శుభ్రం చేస్తే పోతుంది. చేశాక కొన్ని బండ్లకి ఐడిల్ రీలెర్నింగ్ (కంప్యూటర్‌కి ఐడ్లింగ్ లెక్క మళ్లీ నేర్పడం) చేయించాలి. బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టిన బండి కూడా కొన్ని కిలోమీటర్లు తిరిగేదాకా ఐడ్లింగ్ కుదురుకోకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేశామని అమ్మేవాళ్లు చెబితే దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అమ్మకానికి తయారైన ఇంజిన్

కొనేవాళ్లు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి పెట్టడం అమ్మకందార్లకి మామూలే. ఏసీ చల్లగా ఉండాలని చేసేవాళ్లూ ఉంటారు, చల్లటి ఇంజిన్ చెప్పే నిజం దాచడానికి చేసేవాళ్లూ ఉంటారు. వెళ్లగానే బానెట్ మీద చేయి వేయడం మర్యాద తక్కువేమీ కాదు. వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వెనక్కి రావడమే మంచిది. రాత్రంతా నిలబడిన ఇంజిన్ మొదటి నిమిషంలో ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా మిస్సింగ్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేరు.

తర్వాత చెక్ ఇంజిన్ దీపం. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగితే అది వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారనో, మీటర్లో ఏదో చేశారనో అర్థం. ఇంజిన్ నడుస్తుండగా వెలిగి ఉంటే బండి కంప్యూటర్లో ఏదో లోపం కోడ్ నిల్వ ఉంది. ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇంకా తీవ్రం: మండని పెట్రోల్ సైలెన్సర్లోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండి దాన్ని కరిగించే స్థాయి మిస్‌ఫైర్ జరుగుతోందని చాలా బండ్లలో దాని అర్థం. ఆరుతూ వెలిగే దీపంతో టెస్ట్ డ్రైవ్ కొనసాగించడం అనవసరం.

దీపం ఆరి ఉండటం కూడా పెద్ద భరోసా కాదు. కోడ్లు చెరిపేయడం ఒక్క బటన్ పని. అయితే చెరిపినట్టు కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. మార్కెట్లో దొరికే చవక బ్లూటూత్ ఓబీడీ పరికరం (బండి కంప్యూటర్‌ని చదివేది) ఒకటి, ఫోన్లో ఒక యాప్ ఉంటే రెండు విషయాలు చూడొచ్చు. మొదటిది, రెడీనెస్ మానిటర్లు. కోడ్లు చెరపగానే క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ లాంటి పరీక్షలు "పూర్తి కాలేదు" అన్న స్థితికి వెళ్లిపోతాయి. అవి మళ్లీ పూర్తవ్వాలంటే చల్లటి స్టార్టు, హైవే వేగం కలిసిన కొంత ప్రయాణం జరగాలి. రెండోది, కోడ్లు చెరిపాక నడిచిన దూరం. చాలా బండ్లు ఈ అంకెని చూపిస్తాయి. రెండేళ్లుగా ఏ రిపేరూ లేదన్న బండిలో ఆ దూరం 6 కిలోమీటర్లని కనిపిస్తే, నిన్నో ఇవాళ్టి పొద్దున్నో ఎవరో కోడ్లు తుడిచారు. బేరానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

మన దేశంలో ఇది అన్ని బండ్లకీ వర్తించదు. బండ్ల పొగకి హద్దు పెట్టే బీఎస్4 నిబంధన 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో మొదలై, దేశమంతటికీ వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. మిస్‌ఫైర్‌ని కూడా గమనించే ఓబీడీ-2 స్థాయి బీఎస్4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి 2012 నాటి బండికి స్కానర్ తగిలించి "కోడ్లు ఏమీ లేవు" అంటే దానికి పెద్ద విలువ లేదు. చూసే సామర్థ్యం లేని కంప్యూటర్‌ని సాక్ష్యం అడిగినట్టే అవుతుంది.

కోడ్ సిలిండర్‌ని చూపిస్తుంది, పార్టుని కాదు

మిస్‌ఫైర్‌ని కంప్యూటర్ నేరుగా చూడదు. క్రాంక్ పొజిషన్ సెన్సర్ దగ్గర తిరిగే పళ్ల చక్రం వేగాన్ని కొలుస్తూ ఉంటుంది. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ రవ్వంత వేగం పుంజుకోవాలి. పుంజుకోకపోతే ఆ వంతు ఏ సిలిండర్‌దో లెక్కగట్టి పి0301, పి0302, పి0303, పి0304 అని రాస్తుంది. చివరి అంకె సిలిండర్ నంబరు. ఒక్క సిలిండర్‌కి ముడిపెట్టలేకపోతే పి0300. కోడ్ చెప్పేది ఇంతవరకే. మూడో సిలిండర్ మండలేదని చెబుతుంది, నిప్పురవ్వ రాక మండలేదో, పెట్రోల్ రాక మండలేదో, కంప్రెషన్ (సిలిండర్లో నొక్కుడు ఒత్తిడి) లేక మండలేదో చెప్పదు.

అయినా చాలా షెడ్లలో "స్కానర్ పెట్టాం సార్, కాయిల్ పోయిందని చూపిస్తోంది" అంటారు. మిస్‌ఫైర్ కోడ్ ఆ మాట చెప్పదు. ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్ సర్క్యూట్లో కరెంటు లోపం ఉంటే పి0351 నుంచి మొదలయ్యే కోడ్లు వేరే ఉన్నాయి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ సర్క్యూట్‌కి పి0201 నుంచి వరస ఉంది. అవేమీ లేకుండా పి0303 ఒక్కటే ఉన్నప్పుడు కాయిల్ మార్చడం ఊహ మీద చేసే పని. ఊహ తప్పితే ప్లగ్గులు, ఆ తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్, ఆ తర్వాత సెన్సర్లు. ఇలా ఒక్కో పార్టూ మారుస్తూ పోయిన బండ్లే చివరికి "ఏం చేసినా తగ్గడం లేదు" అనిపించుకుని అమ్మకానికి వస్తాయి.

అలాంటి బండిని గుర్తుపట్టే మార్గం ఇంజిన్ మీదే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్ తీసి వరసగా ఉన్న నాలుగు కాయిల్స్ చూస్తే, మూడు దుమ్ముపట్టి వెలిసిపోయి, ఒకటి మాత్రం నల్లగా మెరుస్తూ వేరే కంపెనీ స్టిక్కర్‌తో కనిపించొచ్చు. ప్లగ్గులు విప్పితే మూడు ఒక రకం, నాలుగోది ఇంకో నంబరు. ఆ సిలిండర్‌కి ఇంతకు ముందే వైద్యం జరిగింది. ఇప్పుడు కూడా మిస్సింగ్ అక్కడే ఉంటే, రోగం కాయిల్లోనూ ప్లగ్గులోనూ లేదని వెనకటి యజమాని తన డబ్బుతో తేల్చిపెట్టినట్టే.

మార్చకుండా తేల్చడం

కాయిల్స్ నేరుగా ప్లగ్గుల మీద కూర్చునే ఇంజిన్లలో అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకి ఒక స్పానరు చాలు. ఇంజిన్ ఆపి, తాళం తీసి, చల్లారాక, మిస్ అవుతున్న మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దాని మీద, ఒకటో దాన్ని మూడో దాని మీద పెట్టాలి. టైమింగ్ చైన్ లేదా బెల్ట్ వైపు ఉండేది సాధారణంగా ఒకటో సిలిండర్. కోడ్ చెరిపి బండి నడిపితే మూడు ఫలితాల్లో ఒకటి వస్తుంది. పి0303 పోయి పి0301 వస్తే లోపం కాయిల్‌తో పాటే నడిచి వెళ్లింది, కాయిల్ కొనొచ్చు. పి0303 కదలకపోతే ఇప్పుడు ప్లగ్గులు అటూఇటూ మార్చి చూడాలి. అదీ కదలకపోతే నిప్పురవ్వ వైపు చాలావరకు నిర్దోషి, వైరింగ్ ఒక్కటి మిగిలి ఉంటుంది. మూడోది చాలామంది మర్చిపోయేది: కాయిల్ పీకి మళ్లీ గట్టిగా నొక్కడంతోనే మిస్సింగ్ పూర్తిగా పోవచ్చు. అంటే కనెక్టర్ వదులుగా ఉంది.

సెల్లార్లో నిలబెట్టే బండ్లకి వైరింగ్ అనగానే ఎలుకలు గుర్తుకు రావాలి. ఇంజిన్ వెచ్చగా ఉండటంతో రాత్రుళ్లు అందులో చేరి ఇంజెక్టర్, కాయిల్ వైర్లు కొరికేస్తాయి. కొరికిన వైరు ఒక్కోసారి పూర్తిగా తెగదు. రెండు పోగుల మీద వేలాడుతూ గుంతల్లో పడ్డప్పుడే మిస్ చేయిస్తుంది. వరదల్లో మునిగిన బండ్ల కథ ఇంకోటి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నీళ్లలో తేలిన కార్లని అందరూ చూశారు. అలాంటి బండ్లు సీట్లు ఆరబెట్టుకుని, పాలిష్ కొట్టించుకుని ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి. కాయిల్ కనెక్టర్ విప్పి లోపలి పిన్నుల మీద పచ్చటి పొడి ఉందేమో చూడటం అర నిమిషం పని.

పాత ఇంజిన్లలో ఒక్కో సిలిండర్‌కి విడిగా కాయిల్ ఉండదు. రెండు సిలిండర్లకి కలిపి ఒక కాయిల్, అక్కడి నుంచి ప్లగ్గు వైర్లు. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరసలో మండుతాయి కాబట్టి ఒకటి, నాలుగు ఒక జంట. రెండు, మూడు ఇంకో జంట. ఒకటి, నాలుగు కలిసి మిస్ అయితే వాటి కాయిల్‌ని అనుమానించాలి. ఒకటి, రెండు కలిసి మిస్ అయితే కాయిల్ కథ కాదు, పక్కపక్కనే ఉన్న సిలిండర్ల కథ, దాని గురించి కింద వస్తుంది. వైర్ల ఇన్సులేషన్ పోతే చీకట్లో బానెట్ ఎత్తి చూడగానే సన్నటి నీలం మెరుపులు కనిపిస్తాయి, టిక్ టిక్ మని చప్పుడూ వినిపిస్తుంది. నడుస్తున్న ఇంజిన్ ప్లగ్గు వైరు చేత్తో పీకి చూసే పాత అలవాటు మాత్రం మంచిది కాదు, షాక్ కొడుతుంది, కాయిల్ కూడా దెబ్బతింటుంది. దానికి బదులు ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి ఆర్పీఎం పడుతోందా లేదా చూడొచ్చు. ఏది తీసినప్పుడు ఇంజిన్‌కి తేడా తెలియదో, చచ్చుబడిన సిలిండర్ అదే.

ప్లగ్గులు విప్పినప్పుడు వాటిని ఏ సిలిండర్‌ది ఆ వరసలో నేల మీద పేర్చి చూడాలి. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా రవ్వ బలహీనం. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే ఆ సిలిండర్ మండటమే లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. నాలుగిట్లో ఒక్కటే కడిగినట్టు తెల్లగా శుభ్రంగా ఉంటే సంతోషించకూడదు, ఆ సిలిండర్లోకి కూలెంట్ కారి ఆవిరవుతోందేమో చూడాలి. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే కరెంటు మొన దాకా వెళ్లకుండా పక్కదారిన దూకుతోందని అర్థం. ఆ గీత పడిన ప్లగ్గు తీసి కొత్తది వేసినా కాయిల్ రబ్బరు బూటులో దాని జంట గీత మిగిలి ఉంటే, కొన్నాళ్లకే మళ్లీ మొదలవుతుంది. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ కారుతోంది. చిన్న ఖర్చే, కానీ వదిలేస్తే కాయిల్స్‌ని ఒక్కొక్కటిగా తినేస్తుంది. ఇంజిన్‌ని ప్రెషర్ వాటర్‌తో కడిగించిన మర్నాడు మొదలైన మిస్సింగ్‌కి కూడా జవాబు ఈ గుంటల్లోనే, నీళ్ల రూపంలో దొరుకుతుంది.

ఎప్పుడు మిస్ అవుతోంది?

మెకానిక్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో వెతకాల్సిందీ ఇదే.

ఐడ్లింగ్ బానే ఉండి, నాలుగో గేరులో తక్కువ స్పీడు మీద ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే దడదడా తన్నడం ఇగ్నిషన్ లక్షణం. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్, గ్యాప్ పెరిగిన ప్లగ్గు ఆ క్షణంలో చేతులెత్తేస్తాయి. అదే తొక్కుడికి తన్నకుండా నీరసించిపోతే పెట్రోల్ పంపో ఫిల్టరో అయి ఉండొచ్చు.

ఇందుకు సరిగ్గా తలకిందులు గాలి లీకు. సిగ్నల్ దగ్గర ఊగి రోడ్డెక్కితే పోతుంది. ఓబీడీ యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేది) చూస్తే ఇది ఇంకా స్పష్టం. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం, 2500 ఆర్పీఎం దగ్గర ప్లస్ 4 అంటే ఎక్కడో గాలి లాగుతోంది. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు. ఇక్కడొక మెలిక ఉంది. గాలిని తూచే మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లకే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సరే ఉంటుంది. లీకైన గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసిపోతుంది కాబట్టి కంప్యూటర్ దానికీ పెట్రోల్ పోసేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడ్లింగే 1100, 1200కి ఎక్కి కూర్చుంటుంది. ట్రిమ్ మామూలుగా ఉందని గాలి లీకు లేదనుకుంటే ఈ బండ్లలో పప్పులో కాలేసినట్టే. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి పీల్చేది) చెవి దగ్గర పెట్టి వినడం, వేళ్లతో నొక్కి ఐడ్లింగ్ మారుతోందేమో చూడటం వీటికి సరైన మందు. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతికే పద్ధతిలో మంట అంటుకునే ప్రమాదం ఉంది, పార్కింగ్ స్థలంలో అసలు వద్దు.

పెట్రోల్ కొట్టించి బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడే స్టార్టింగ్ కష్టమై, ఒక నిమిషం ఊగి సర్దుకునే బండిలో పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. ట్యాంకు ఆవిరి నేరుగా ఇంజిన్లోకి పోతోంది. చిన్న పార్టే, కానీ ఈ లక్షణం విని బంకు వాడిని తిట్టేవాళ్లే ఎక్కువ.

బంకు మాట వచ్చింది కాబట్టి ఈ20. 2023 నుంచి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ మీద పాత బండ్ల యజమానులకి అనుమానాలున్నాయి, వాటిలో కొన్నిటికి ఆధారం ఉంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ, నీటిని పీల్చుకునే గుణం ఎక్కువ. 2023కి ముందు బండ్లలో రబ్బరు భాగాలన్నీ దానికోసం చేసినవి కావు. నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకులోకి నీరు చేరితే ఇథనాల్‌తో కలిసి అడుగున విడిపోతుంది, ఇంజిన్ అన్ని సిలిండర్లలోనూ తడబడుతుంది. కానీ నాలుగింటిలో ఒక్క మూడోది మాత్రమే మిస్ అవుతుంటే తప్పు ఈ20 మీదకి నెట్టడం కుదరదు. పెట్రోల్ నాలుగింటికీ ఒకటే పోతోంది.

పొద్దున్న స్టార్ట్ చేయగానే ఒక నిమిషం మూడు సిలిండర్ల మీద నడిచి, తెల్లపొగ వదిలి, తర్వాత ఏమీ ఎరగనట్టు స్మూత్ అయిపోయే ఇంజిన్ అన్నిటికంటే ఎక్కువ భయపెట్టాలి. చలికాలం పొద్దున్న సైలెన్సర్ నుంచి కాసేపు ఆవిరి రావడం మామూలే. దాంతోపాటు మిస్సింగ్, రిజర్వాయర్లో కూలెంట్ మట్టం వారం వారం తగ్గడం కూడా ఉంటే, రాత్రంతా ఒత్తిడి మిగిలి ఉన్న కూలెంట్ హెడ్ గ్యాస్కెట్ దగ్గర సిలిండర్లోకి కారుతోందనే అనుకోవాలి. బానెట్ ముందే వేడిగా ఉన్న బండిని వద్దని చెప్పింది ముఖ్యంగా దీనికోసమే.

కంప్రెషన్ గేజ్

నిప్పురవ్వ, గాలి, పెట్రోల్ తేలిపోయాక మిగిలేది ఇంజిన్ ఆరోగ్యం. కొనేవాళ్ల దృష్టిలో అయితే ఈ పరీక్షే ముందుకి రావాలి, ఇంజెక్టర్ క్లీనింగ్ కంటే చాలా ముందు. గేజ్ చాలా షెడ్లలో ఉంటుంది, చిన్న కారుకి అరగంట పని. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇంజెక్టర్ల, కాయిల్స్ కనెక్టర్లు విప్పి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌కి ఐదారు తిప్పుల పాటు సెల్ఫ్ కొట్టాలి. ఆక్సిలరేటర్ తొక్కకుండా కొలిచి అన్నీ తక్కువొచ్చాయని బెదరగొట్టే మెకానిక్కులున్నారు. బ్యాటరీ నీరసంగా ఉన్నా అన్నీ తక్కువే వస్తాయి.

పెట్రోల్ కార్లలో 160 నుంచి 200 పీఎస్ఐ మధ్య అంకెలు మామూలు, కచ్చితమైన హద్దు ఆ ఇంజిన్ మాన్యువల్లో ఉంటుంది. అసలు చూడాల్సింది అంకె కాదు, తేడా. 165, 168, 162, 166 ఉన్న ఇంజిన్ వయసైపోయినా సమంగా అరిగింది. 185, 182, 120, 184 ఉన్నది బయటికి కొత్తగా వినిపించినా మూడో సిలిండర్లో జబ్బు ఉంది. ఆ మూడో దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగిందా, లోపం రింగుల్లో ఉంది. పెరగలేదా, వాల్వులోనో గ్యాస్కెట్లోనో. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు, ఉదాహరణకి ఒకటి, రెండు, ఒకేలా పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పగిలి ఉండటానికే అవకాశం ఎక్కువ. ఇంకా కచ్చితం కావాలంటే సిలిండర్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి ఎక్కడి నుంచి వస్తోందో వింటారు: థ్రాటిల్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్లో బుడగలు వస్తే గ్యాస్కెట్.

మిస్సింగ్‌ని పట్టించుకోకుండా నెలల తరబడి తిప్పిన బండికి మూలకారణం బాగుచేసినా రెండు అప్పులు మిగులుతాయి. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేసి కిందికి చేరుతుంది, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. రెండోది క్యాటలిటిక్ కన్వర్టర్. పి0303 పక్కనే పి0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనే కోడ్) కూడా ఉంటే బేరంలో కాయిల్ ధర ఒక్కటే తగ్గించడం పొరపాటు. కన్వర్టర్ ధర దానికి ఎన్నో రెట్లు.

డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ లేవు కాబట్టి వరస చిన్నది: ముందు ఇంజెక్టర్లు, తర్వాత కంప్రెషన్. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి ఐడ్లింగ్‌లో నడిపితే, మిగతా వాటికంటే ముందు నిండే సీసా ఏ ఇంజెక్టర్ అరిగిందో చూపిస్తుంది. చలికి మాత్రమే తెల్లపొగతో తడబడితే గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడిచేసేవి) చూడాలి.

సీఎన్‌జీ బండ్లలో కొనేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, స్విచ్ నొక్కి ఇంధనం మార్చి చూడొచ్చు. గ్యాస్ మీద మాత్రమే మిస్ అవుతుంటే బలహీనమైన రవ్వ గానీ గ్యాస్ కిట్ సెట్టింగ్ గానీ కారణం. గ్యాస్‌ని వెలిగించడానికి పెట్రోల్ కంటే బలమైన రవ్వ కావాలి. పెట్రోల్ మీద మాత్రమే మిస్ అయితే నెలల తరబడి వాడక బంక పట్టిన పెట్రోల్ ఇంజెక్టర్లను అనుమానించాలి. రెండింటి మీదా ఒకే సిలిండర్ మిస్ అయితే గేజ్ తీయాల్సిందే. బయట కిట్ పెట్టించి ట్యాక్సీగా తిప్పిన బండి అయితే మరీను. పొడిగా మండే గ్యాస్ వాల్వులకీ వాటి సీట్లకీ ఎక్కువ పని పెడుతుంది. సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగి టాపెట్ గ్యాప్ (వాల్వు కాడ పైన ఉంచే సన్నటి ఖాళీ) మూసుకుపోతుంది, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. అలాంటి ఇంజిన్ పొద్దున్న చక్కగా స్టార్ట్ అవుతుంది, ఇరవై కిలోమీటర్లు నడిచాక సిగ్నల్ దగ్గర వణకడం మొదలుపెడుతుంది. గ్యాప్ సర్దితే తగ్గే దశలో దొరికితే అదృష్టం. వాల్వు అంచు కాలిపోయాక దొరికితే హెడ్ దించి, వాల్వులు మార్చి, సీట్లు కొట్టించాలి. ఆ రెండు దశల్లో బండి ఎక్కడుందో వేడి ఇంజిన్ మీద తీసిన కంప్రెషన్ అంకెలే చెబుతాయి, కాబట్టి ఇలాంటి బండికి టెస్ట్ డ్రైవ్ ముగించుకుని తిన్నగా షెడ్డుకే తీసుకెళ్లాలి.